కాస్త దీపం తగ్గించండి

హోటలుకు వెళ్ళిన మనిషి మామూలుగా దేని మీద ఫిర్యాదు చేస్తాడు? సాంబారు చల్లారిపోయిందనో, పిలిస్తే ఎవరూ పలకడం లేదనో, బిల్లు వాచిపోయిందనో. వెలుతురు ఎక్కువైందని పేచీ పెట్టినవాణ్ణి నేను ఒక్కణ్ణే ఎరుగుదును. ఆయన జపాను రచయిత తానిజాకి జునిచిరో.

1933 డిసెంబరులోనూ, మరుసటి నెలలోనూ ఆయన ఓ పత్రికలో అచ్చు వేయించిన వ్యాసానికి మన భాషలో ‘నీడల స్తుతి’ అని పేరు పెట్టుకోవచ్చు. 1977లో హార్పర్, సైడెన్‌స్టికర్ దాన్ని ఇంగ్లీషు చేశారు. చిన్న పుస్తకం. ఒక మధ్యాహ్నం కునుకు మానుకుంటే అయిపోతుంది. ఇళ్ళు, కాగితం, బంగారం, నాటకం, చివరికి మరుగుదొడ్డి కూడా ఉన్నాయి అందులో. ఆడదాన్ని కనక నా చూపు మాత్రం భోజనాల దగ్గర ఆగిపోయింది.

క్యోటోలో వరాంజియా అని పాతకాలపు భోజనశాల. ఆనాటికి ఒక్కో గది తొమ్మిదడుగుల చదరం, అంతే. అక్కడ కొవ్వొత్తి వెలుగులోనే వడ్డించడం ఆనవాయితీ. చాలా రోజుల తర్వాత వెళ్ళిన తానిజాకికి కొవ్వొత్తుల బదులు విద్యుద్దీపాలు కనిపించాయి. ఇదేమిటని అడిగితే, మరీ చీకటిగా ఉందని వచ్చినవాళ్ళు గొణుగుతున్నారు, తమకు పాతదే ఇష్టమైతే తెచ్చి పెడతామన్నారు. తెప్పించుకున్నాడు. ఆ మినుకుమినుకు వెలుగులో, లక్కపాత్రల అందం తెలియాలంటే చీకటి ఉండి తీరాలని ఆయనకు తట్టింది.

ఈ లక్క మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క కాదు. మనది పురుగు ఇచ్చేది, వాళ్ళది ఉరుషి అనే చెట్టు కార్చే పాలు. కర్రగిన్నె మీద పూత మీద పూత వేసి ఆరబెడతారు. పట్టపగలు చూస్తే కాస్త మొరటు మెరుపు. మసక వెలుగులో పెడితే ఆ నలుపుకి లోతు వస్తుంది. పైగా కర్ర కనక చేతిలో తేలిక, వేడి చెయ్యి కాల్చదు, మూత తీస్తే పింగాణీలా చప్పుడు చెయ్యదు.

ఆ గిన్నెలోని పులుసు తాగడం గురించి తానిజాకి రాసిన తీరు చూడాలి! మూత తీసిన క్షణానికీ, గిన్నె పెదవిని తాకే క్షణానికీ మధ్య ఉన్న కాసింత వ్యవధే ఆయన వస్తువు. అడుగున ఏముందో కనపడదు. అరచేతికి బరువు తెలుస్తుంది, అంచున ఆవిరి చెమట పడుతుంది, వాసన రుచిని ముందే చెప్పేస్తుంది. రుచి గురించి దాదాపు ఏమీ చెప్పకుండానే నోరూరించాడు. తిండి మీద రాసేవాళ్ళు చాలామంది ‘అద్భుతం, అమోఘం’ అని ఊరుకుంటారు. ఈయన చేతి స్పర్శ దగ్గర మొదలుపెట్టాడు. చేత్తో అన్నం కలుపుకునే మనకి ఈ మాట ఒకరు విప్పి చెప్పనక్కర్లేదు. వేడన్నం సంగతి నాలిక కంటే ముందు వేళ్ళకే కదా తెలిసేది!

ఇంతవరకూ నాకు ఆయనతో పేచీ లేదు. పేచీ ఆ తర్వాత వస్తుంది.

ఆ చీకట్లో ఎవరు వండారండీ? నా చిన్నతనంలో మా వంటింట్లో బుడ్డిదీపమే దిక్కు. మా అమ్మ పోపు వేగిందో లేదో చూసి కాదు, ఆవాల చిటపట విని దించేది. బియ్యంలో రాళ్ళు చూపుతో కాక వేళ్ళతో ఏరేది. ఆ చీకటి అందంగా ఉందని ఆవిడ ఏనాడూ అనగా నేను వినలేదు. ఇంటికి కరెంటు వచ్చిన రోజున మొదటి బల్బు వంటింట్లోనే పెట్టమని పట్టుబట్టింది. చీకటిని స్తుతించేవాడు విస్తరి ముందు కూర్చున్నవాడే గాని, పొయ్యి ముందు కూర్చున్నవాడు కాదు.

తానిజాకి పనిమనుషుల్ని చూడలేదని కాదు. అదే వ్యాసంలో, క్యోటో షిమాబరాలోని సుమియా అనే పాత విలాసగృహంలో ఒక ముసలి పరిచారిక కనిపిస్తుంది. కనుబొమలు గొరిగించుకుని, పాతకాలపు ఆచారం ప్రకారం పళ్ళు నల్లచేసుకుని, కొవ్వొత్తి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ వెనకాల తెర, తెర పైన వేలాడే చిక్కటి చీకటి. ఆయన చూపు ఆ చీకటి మీదికి వెళ్ళిపోయింది. ఆవిడ మోకాళ్ళు ఎంత నొప్పి పెడుతున్నాయో ఆయన అడగలేదు. బొమ్మకి ఆవిడ కావాలి, కథకి అక్కర్లేదు. నా దృష్టిలో ఈ వ్యాసంలోని పెద్ద లోటు ఇదే.

మరి ఆయన ఇంట్లో? తర్వాతి కాలంలో కొత్త ఇల్లు కట్టుకోబోతే వాస్తుశిల్పి ఉత్సాహంగా వచ్చి, మీ వ్యాసం చదివాను, మీకేం కావాలో నాకు తెలుసు అన్నాడట. అలాంటి ఇంట్లో నేను ఉండలేనన్నాడట ఈ మహానుభావుడు! ఆయన భార్య చెప్పిన ముచ్చట ఇది. నవ్వొస్తుంది గాని, దీన్నిబట్టి ఆయన్ని కపటి అననక్కర్లేదు. పాతదంతా మళ్ళీ ఇంటికి తెచ్చుకుందామని ఆయనా అనలేదు. సాహిత్యంలోనైనా ఒక మూల దీపం ఆర్పి చూద్దామన్నాడు, అంతే. పాతకాలపు భోజనశాల కూడా అలాంటి మూలే. ఇంట్లో ఉంచుకోలేనిదాన్ని అక్కడికి వెళ్ళి, డబ్బిచ్చి, ఒక పూట చూసి వస్తాం.

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినదాన్నవుతాను. వ్యాసం చివర్లో ఆయన ఉన్నట్టుండి వంటింట్లోకి నడుస్తాడు. యోషినో కొండల వాళ్ళు చేసుకునే ఒక సుషీ. ఉప్పుచేప ముక్క, చల్లారిన అన్నం ముద్ద, చుట్టూ కాకి ఆకు. మన కాకి కాదండోయ్, మన తునికి చెట్టుకు దాయాది అయిన పండ్ల చెట్టు. పది పాళ్ళ బియ్యానికి ఒక పాలు సాకే అనే బియ్యపు మద్యం పొయ్యాలంటాడు. చేతికి ఉప్పు రాసుకోవాలి, ఎక్కడా తడి తగలకూడదు, తొట్టిలో సందు లేకుండా పేర్చి, ఊరగాయకు పెట్టినట్టు పైన బరువు రాయి పెట్టాలి. రాత్రి పెడితే పొద్దుటికి తయారు. మిత్రుడొకరు నేర్చుకొచ్చి చెబితే వాళ్ళింట్లో చేసి చూశారట.

ఆ పేరాలో నీడలు లేవు. కొలత ఉంది, తడి చెయ్యి తగిలితే పాడవుతుందన్న జాగ్రత్త ఉంది. కొవ్వొత్తి దగ్గర తానిజాకి గొప్ప రచయిత. ఆ తొట్టి దగ్గర మాత్రం మన పక్కింటాయన. పుస్తకం దొరికితే రెండూ చదవండి. మొదటిది చదివాక కాస్త దీపం తగ్గించి భోంచెయ్యాలనిపిస్తే తప్పులేదు. వంటింట్లో దీపం మాత్రం తగ్గించకండి.