గంధకం ఎక్కడికి పోయింది?

హైడ్రోజన్ సల్ఫైడ్ అనగానే మీకు కుళ్ళిన కోడిగుడ్ల వాసన, ప్రయోగశాలలోని కిప్ పరికరం గుర్తుకొస్తాయి. మన పాఠాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. చమురు, సహజవాయువు బావుల ప్రస్తావన వస్తే ‘ఈ వాయువును రసాయనాలతో తొలగిస్తారు’ అని ఒక్క వాక్యంతో సరిపెడతాయి. ఆ వాక్యం తప్పు కాదు. కానీ అసలు ప్రశ్నను దాటవేస్తుంది: తొలగించిన గంధకం ఎక్కడికి పోయింది?

తొలగించి తీరాలన్నదాంట్లో వాదం లేదు. గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళకు చేరితే ఈ వాయువు మన ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందంటే ప్రమాదం తప్పిందని కాదన్నమాట! 2003 డిసెంబరులో చైనాలోని చోంగ్‌చింగ్ ప్రాంతంలో ఒక సహజవాయువు బావి అదుపు తప్పి ఈ వాయువు వెలువడగా, రెండు వందల మందికి పైగా చనిపోయారు.

పెద్ద కర్మాగారాల్లో ఎమీన్ ద్రావణం వాడతారు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది ఆమ్లగుణం, ఎమీన్‌ది క్షారగుణం. చల్లగా ఉన్నప్పుడు కలుస్తాయి, వేడిచేస్తే విడిపోతాయి. అందుకే అదే ద్రావణం మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది. విడిపోయిన వాయువులో మూడోవంతును మండించి సల్ఫర్ డయాక్సైడుగా మార్చి, మిగిలినదానితో చర్య జరిపితే పచ్చని గంధకం చేతికొస్తుంది. ఇదే క్లాస్ పద్ధతి. లెక్క ప్రకారం 34 గ్రాముల వాయువులో 32 గ్రాములు గంధకమే. దానితో గంధకామ్లం, దాన్నుంచి ఎరువులు తయారవుతాయి.

చిన్న బావుల దగ్గర ఇంత యంత్రసామగ్రి గిట్టుబాటు కాదు. అక్కడ ట్రయజీన్ అనే రసాయనాన్ని నేరుగా గొట్టంలోకి చిమ్ముతారు. సులువైన పనే. అయితే లెక్కవేసి చూడండి. ఎక్కువగా వాడే ట్రయజీన్ అణుభారం 219. దాని ఒక్కో అణువు ఆచరణలో రెండు హైడ్రోజన్ సల్ఫైడ్ అణువులనే, అంటే 68 పాళ్ళనే, పట్టుకోగలదు. కిలో వాయువుకు 3.2 కిలోల శుద్ధ రసాయనం ఖర్చవుతుంది, తిరిగి రాదు. గంధకం డైథయజీన్‌గా మారి కొంత గొట్టాల్లో గడ్డకడుతుంది, కొంత వ్యర్థజలంలో చేరుతుంది. నీటి క్షారగుణం పెరిగి సున్నపు పొరలు కూడా పేరుకుంటాయి.

ట్రయజీన్ పనికిరానిదని కాదు. వాయువు స్వల్పంగా ఉన్నచోట అది అక్కరకొచ్చే సాధనమే. ఆక్షేపణ ‘తొలగింపు’ అనే మాట మీద. ఒకచోట గంధకం సరుకైంది, మరోచోట వ్యర్థమైంది. రెంటికీ ఒకే మాట వాడితే ఈ తేడా విద్యార్థికి ఎలా తెలుస్తుంది? ద్రవ్యనిత్యత్వ నియమాన్ని మొదటి పాఠంలో వల్లె వేయించే పుస్తకాలే ఇక్కడ దాన్ని మరిచిపోవడం విచారకరం. మీరు మాత్రం సమీకరణానికి కుడివైపు ఏముందో రాసి చూడండి.