చేతిలోని లెన్సు చాలదా?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. చలికాలంలో దానిమీద బండ్లాపి కెమెరాలు ఎక్కుపెట్టేవాళ్లు కనిపిస్తారు. దూరాన నీళ్లలో గులాబీ గీతలా ఫ్లెమింగోల గుంపు. నాలుగు ఫొటోలు తీసి, స్క్రీన్ మీద పెద్దవి చేసి చూసుకోగానే మొహం చిన్నబోతుంది. ఈకలు విడివిడిగా లేవు, అంచులు అలుక్కుపోయాయి. లెన్సు మార్చాలన్న ఆలోచన ఆ పూటే మొదలవుతుంది.

తప్పు లెన్సుదేనా?

ఎండెక్కాక నీటి మీది గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. అంత దూరం ఆ గాలిలోంచి వచ్చే కాంతి వంకర్లు తిరుగుతుంది. ఎన్ని లక్షలు పోసి కొన్న లెన్సయినా ఆ మసకను మసకగానే చూపిస్తుంది. దానికి విరుగుడు తెల్లవారుజామున లేవడమే. రెండో అనుమానం చేతి వణుకు. 400 ఎం.ఎం. దగ్గర షట్టర్ స్పీడు కనీసం సెకనులో 400వ వంతు ఉండాలన్నది ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. చిన్న సెన్సర్ ఉన్న బాడీ అయితే ఇంకా వేగం కావాలి. లెన్సులోని స్టెబిలైజేషన్ చేతి కదలికను సర్దుతుందే తప్ప పక్షి రెక్కను ఆపదు.

కేనన్ 100-400 జూమ్ కథ ఇక్కడ పనికొస్తుంది. మొదటి రకం 1998లో వచ్చింది. జూమ్ చేయాలంటే గొట్టాన్ని ముందుకు తోయాలి, వెనక్కి లాగాలి. 2014లో ప్రకటించిన రెండో రకంలో రింగు తిప్పితే చాలు. కంపెనీ లెక్కన స్టెబిలైజేషన్ రెండు స్టాపుల నుంచి నాలుగుకు పెరిగింది. మునుపు 1.8 మీటర్ల కన్నా దగ్గరి వస్తువు మీద ఫోకస్ కుదిరేది కాదు, ఇప్పుడు 98 సెంటీమీటర్ల దాకా కుదురుతుంది. పూల మీది సీతాకోకచిలుకనో, గడ్డిపరక మీద వాలిన తూనీగనో తీసేవాళ్లకు ఇది పెద్ద మార్పే. ఫ్లెమింగోల కోసం వెళ్లేవాళ్లకో? రెండూ ఆగేది 400 దగ్గరే. ఫ్రేములో పక్షి ఒక్క చుక్క కూడా పెరగదు.

పక్షి పెద్దగా కనపడాలంటే 150-600 తరహా జూమ్‌లున్నాయి. 400తో పోలిస్తే ఒకటిన్నర రెట్లు పెద్ద బొమ్మ వస్తుంది. కానీ బరువు రెండు కిలోల దాకా ఉంటుంది, 600 దగ్గర అపర్చర్ ఎఫ్6.3కు తగ్గుతుంది. పైగా దూరం సగానికి తగ్గితే బొమ్మ రెట్టింపవుతుంది. అంత లాభం 400 నుంచి 600కు మారినా రాదు.

అలాగని పక్షి దగ్గరికి నడిచిపోకూడదు. సూళ్లూరుపేటకు దగ్గర్లోని నేలపట్టు చెరువులో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. మనిషి మరీ దగ్గరికొస్తే తల్లి ఎగిరిపోతుంది, పిల్లలు ఎండకూ కాకులకూ దొరుకుతాయి. అందుకే అనుభవమున్నవాళ్లు పక్షి వచ్చే చోటు ముందే గమనించి, ఆకుల చాటున కదలకుండా కూర్చుంటారు. గంటసేపు ఓపిక పడితే పక్షే దగ్గరికొస్తుంది.

పాత లెన్సును ఇంట్లోనే పరీక్షించవచ్చు. గోడకు దినపత్రిక అంటించి, కెమెరాను స్టాండు మీద పెట్టి, స్టెబిలైజేషన్ ఆపి, ఎఫ్5.6లోనూ ఎఫ్8లోనూ తీయాలి. ఎఫ్8లో అక్షరాలు గీసినట్టు వచ్చి ఎఫ్5.6లో మెత్తబడితే, అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు ఆ లెన్సు బలహీనమన్నమాట. రెండింటిలోనూ మసకే వస్తే ఫోకస్ చూపించుకోవాలి, టార్చి వేసి లోపలికీ చూడాలి. తీరప్రాంతపు తేమకు గాజు మీద బూజు సాలెపోగుల్లా అల్లుకుంటుంది. మొదట్లోనే కనిపెడితే శుభ్రం చేయించుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు నిరుడు తీసిన ఫొటోల్లో చెడిపోయిన వంద ఏరి, ఒక్కొక్కటీ ఎందుకు చెడిందో కాగితం మీద రాసుకోండి. వాటిలో ఎక్కువ భాగం లెన్సు ఖాతాలోనే పడితే, కొనాలనుకున్న లెన్సును రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని అదే చెరువుగట్టు మీద వాడి చూడండి.