తారిణి చుక్కాని పట్టిన చేతులు

అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే వశిష్ఠ గోదావరి నీటి రంగు, సముద్రపు నీటి రంగు వేరువేరుగా కనిపిస్తాయి. ఇక్కడ నది సముద్రంలో కలిసే మొగ దాటాలంటే వేళ తెలియాలి. పాటు లాగేటప్పుడు నదితో బయటికి, పోటు ఎక్కేటప్పుడు సముద్రంతో లోపలికి. ఇంజిన్లు రాని రోజుల్లో తెరచాపలదీ అదే లెక్క: వేకువన నేల గాలితో వేటకు, పొద్దెక్కాక సముద్రపు గాలితో ఇంటికి. నౌకాదళ తెరచాప పడవ ఐఎన్‌ఎస్‌వి తారిణి సిబ్బంది పనితనం ఎంత గొప్పదో ఈ గట్టు మీద ఆలోచిస్తే మరింత బాగా తెలుస్తుంది.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఆ 55 అడుగుల తెరచాప పడవ 254 రోజుల్లో, 21,600 నాటికల్ మైళ్లు ప్రపంచం చుట్టి, 2018 మే 21న గోవా చేరింది. నడిపింది ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు: సారథి వర్తికా జోషి, ప్రతిభా జామ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య. అది పందెం కాదు. అయినా పందెం ముగిశాక పడవవాళ్లు చేసుకునే సమీక్షకు నిలబడే యాత్ర.

మొదటి ఎత్తు బయల్దేరిన నెలలోనే ఉంది. దక్షిణ సముద్రాల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి దారి తూర్పుకే. దక్షిణ అమెరికా దక్షిణ కొన కేప్ హార్న్‌ను అక్కడి వేసవిలో దాటాలి. సెప్టెంబరులో కదిలారు కాబట్టే జనవరి మూడో వారంలో ఆ కొన చుట్టివచ్చారు.

అసలు పరీక్ష న్యూజిలాండ్‌లోని లిటిల్‌టన్ నుంచి ఫాక్‌లాండ్స్‌లోని పోర్ట్ స్టాన్లీ దాకా సాగిన నలభై రోజుల పసిఫిక్. 60 నాట్లు దాటిన గాలి, ఏడు మీటర్ల కెరటాలు. వెనక నుంచి వచ్చే కెరటం పడవ వెనకభాగాన్ని ఎత్తి పక్కకు తిప్పబోతుంది. అడ్డం తిరిగితే పడవ ఒరిగి బోల్తా పడొచ్చు. తిరుగుడు మొదలవుతుండగానే చుక్కాని చేయి దాన్ని సరిచేయాలి. చీకట్లో అయితే కాళ్లకింద కదలికే గుర్తు. గాలి ముదరకముందే తెరచాప కుదించాలి. ముదిరాక కుదించబోతే ఆలస్యమే.

మజిలీల రోజులు తీసేస్తే, రోజుకు నూరు మైళ్ల పైచిలుకు నడిచారు. గంటకు నాలుగున్నర మైళ్లు. ఈ అంకెలో నాకు కనిపించేది నిదానం: ఎక్కడా పడవను దాని ఓపికకు మించి తోలలేదు.

హిందూ మహాసముద్రంలో చుక్కాని వ్యవస్థ చెడింది. ఇల్లు దగ్గరపడుతున్న వేళ. ముందుగా అనుకున్న మజిలీలు నాలుగే: ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్. వాళ్లు మాత్రం మారిషస్‌లోని పోర్ట్ లూయీకి మళ్లి, బాగుచేయించుకునే ముందుకు కదిలారు. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ఇదే. ఇంటి మీది ఆశను పక్కన పెట్టి పడవ మాట వినడం ఎంతో అనుభవం ఉంటే తప్ప చేతకాదు.

అదే తారిణి 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరితో మళ్లీ ప్రపంచం చుట్టడానికి కదిలి, 2025 మే 29న తిరిగొచ్చింది. వేట నుంచి వచ్చిన పడవ మర్నాటి వేటకు సిద్ధంగా ఉండాలి. ఆ ఆరుగురూ తమ తర్వాతివాళ్లకు తారిణిని అలాగే అప్పగించారు.