గీత తప్పని లెక్క

ల్యాప్‌టాప్ అడుగున అతికించిన అసెట్ ట్యాగ్ రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. పైన నల్ల గీతలు, కింద నాలుగైదు అక్షరాలు, అంకెలు. కంపెనీ రిజిస్టర్‌లో ఆ యంత్రానికున్న పేరు అదే. అందులో ఒక్క అంకె మారితే లెక్క వేరొకరి బల్ల మీది యంత్రానికి పోతుంది. హైదరాబాద్‌లోని ఒక ఆఫీసులో ఫిజికల్ వెరిఫికేషన్ (వస్తువులను ఎదుట చూసి రిజిస్టర్‌తో సరిచూడటం) చేస్తున్న ఐటీ విభాగం అమ్మాయి వెంట ఒక పూటంతా తిరిగాను. అంకె మారకుండా కాపాడటానికి ఎన్ని కాపలాలున్నాయో అప్పుడు తెలిసింది.

మొదటి కాపలా ఆ గీతల్లోనే ఉంది. ఆ ట్యాగుల మీద వాడింది 1981లో వచ్చిన కోడ్ 128. ఇందులో ఒక్కో అక్షరానికి మూడు నల్ల గీతలు, మూడు తెల్ల సందులు. ఒక్కోటీ ఒకటి నుంచి నాలుగు పాళ్ల వెడల్పు ఉండవచ్చు గానీ, ఆరూ కలిస్తే ఎప్పుడూ 11 పాళ్లే. మొత్తం తేడాగా వస్తే స్కానర్ బీప్ కొట్టదు.

దాని వెనక ఇంకో లెక్క ఉంది. ట్యాగ్ మీద ఎల్‌టీ47 అని ఉందనుకుందాం. ఈ పద్ధతిలో ఎల్ విలువ 44, టీ విలువ 52, 4 విలువ 20, 7 విలువ 23. ఆరంభ గుర్తు విలువ 104. ప్రతి విలువనూ దాని స్థానంతో హెచ్చవేసి, 104కు కలిపితే 404 వస్తుంది. 103తో భాగిస్తే శేషం 95. ఆ 95 కూడా గీతలుగా చివర్లో అచ్చవుతుంది. కింద అంకెల్లో మాత్రం కనబడదు. 47 కాస్తా 74 అయితే శేషం 92కు మారిపోతుంది. స్థానంతో హెచ్చవేయడంలోని తెలివంతా అదే: అంకెలు అవే ఉన్నా, చోటు మారితే పట్టుబడతాయి.

గీతలకు రెండు వైపులా వదిలిన తెల్ల జాగా కూడా దండగ కాదు. సన్నగీత వెడల్పుకు కనీసం పది రెట్లు ఖాళీ ఉండాలి. కోడ్ ఎక్కడ మొదలైందో స్కానర్‌కు తెలిసేది దానివల్లే. స్టిక్కర్ అతికించే చోటుకూ లెక్కుంది. ఊడివచ్చే బ్యాటరీ మీద వేయకూడదు, బ్యాటరీతో పాటు పేరూ పోతుంది. గాలి పోయే జాలీ మీద వేయకూడదు, వేడికి జిగురు వదులుతుంది.

ఆ అమ్మాయి నడకలోనూ వరస ఉంది. ముందు సీటుకున్న ట్యాగ్ స్కాన్ చేస్తుంది, తర్వాత ల్యాప్‌టాప్, ఆ తర్వాత మానిటర్లు. చోటు ముందు నమోదైతే వస్తువులు దాని కింద వాటంతటవే చేరతాయి. "మూడో అంతస్తు, కిటికీ పక్కన" అని ఎవరూ చేత్తో రాయనక్కర్లేదు. సీటు దగ్గర ఏ నంబరు ఉండాలో ఆమె ఫోన్‌లో చూపించరు. తెలిస్తే కన్ను దాన్నే చూస్తుంది. సిగ్నల్ అందని సర్వర్ గదిలో స్కాన్లన్నీ ఫోన్‌లోనే నిలవుండి, బయటికొచ్చాక వెళతాయి.

స్టిక్కర్ అరిగిపోతే? ఒక డెల్ ల్యాప్‌టాప్ అడుగున తయారీదారు వేసిన సర్వీస్ ట్యాగ్‌లో చివరి అక్షరం ఎనిమిదో, బీనో తెలియలేదు. పక్కనే ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్ అనే అంకెల వరస ఉంది. నిజానికి రెండూ ఒకటే: ఏడక్షరాల ట్యాగ్‌ను 36 ఆధారం గల సంఖ్యగా తీసుకుని దశాంశంలో రాస్తే ఆ కోడ్ వస్తుంది. చివర్న ఎనిమిదికి బదులు బీ అయితే సంఖ్య సరిగ్గా మూడు పెరుగుతుంది. ఆమె లెక్క కట్టించి చూసింది, ఎనిమిదే. అంతటితో వదల్లేదు. యంత్రం ఆన్ చేసి బయోస్‌లోని నంబరుతో పోల్చింది. బయట కాగితం, లోపల చిప్పు: ఒకదాన్ని చూసి ఒకటి చెప్పని సాక్షులు.

చేత్తో కొట్టిన నంబరుకు గీతల్లోని కాపలా వర్తించదు. అందుకే అలాంటి ఎంట్రీకి విడిగా గుర్తు పడుతుంది, ఫొటో లేనిదే ముందుకు పోదు.

చివరికి సరిచూడటం రెండు దిక్కుల నుంచీ జరుగుతుంది. రిజిస్టర్‌లో ఉన్నది ఎదురుగా ఉందా? ఎదురుగా ఉన్నది రిజిస్టర్‌లో ఉందా? మొదటి ప్రశ్న పోయినవాటిని పట్టిస్తుంది, రెండోది రాయకుండా వదిలేసినవాటిని. యాజమాన్యం ఆస్తులను తగిన వ్యవధుల్లో ఇలా సరిచూసిందో లేదో ఆడిటర్ తన నివేదికలో చెప్పాలని కంపెనీల ఆడిటర్ నివేదిక ఆదేశం (కారో 2020) అడిగేది ఈ పని గురించే.

ఆ వరసలో ఆఖరి సీటు ఖాళీగా ఉంది. దాటిపోతుందేమో అనుకున్నాను. ఆమె వంగి సీటు ట్యాగ్‌ను స్కాన్ చేసి, "వస్తువు లేదు" అని నొక్కింది. వెళ్లి చూసి లేదనడం వేరు, చూడకుండా వదిలేయడం వేరు. రిజిస్టర్‌లో ఆ తేడా నిలవాలంటే, ఏమీ లేని చోటు దగ్గర కూడా ఒక బీప్ వినిపించాలి.