తుక్కు యార్డు నుంచి పాత షెవర్లేలోకి

షెవర్లే కంపెనీ 1955లో ఎడ్ కోల్ ఆధ్వర్యంలో 265 ఘనపుటంగుళాల వీ-8 ఇంజన్ తెచ్చింది. అందులో పక్కపక్క సిలిండర్ల నడిమధ్యల దూరం 4.40 అంగుళాలు. నలభై ఏళ్ళు దాటాక, 1997 కార్వెట్ కారుతో ఎల్ఎస్1 వచ్చింది. బ్లాకు, హెడ్లు, ఇగ్నిషన్, సిలిండర్లు మండే వరస అన్నీ కొత్తవే, కానీ ఆ 4.40 మాత్రం మారలేదు. గేర్‌బాక్సును పట్టే బోల్టుల అమరిక కూడా ఒక్క బోల్టు తప్ప దాదాపు పాతదే. 1967-72 నాటి షెవర్లే సీ-10 పికప్పును ఇంకా ఇంట్లో ఉంచుకున్న అమెరికన్లకు ఈ చుట్టరికం బాగా కలిసివచ్చింది.

కొత్త బండి ఇంజన్ను పాత బండిలో పెట్టడం అక్కడ తాతల నాటి అలవాటే. ఫోర్డ్ 1932లో మామూలు జనం కొనగలిగే కారులో వీ-8 పెట్టాక, దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు తుక్కులో దొరికిన వీ-8లను తేలికపాటి పాత బళ్ళలో బిగించి, ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకునేవాళ్ళు. 1948 జనవరిలో వాళ్ళ కోసమే ‘హాట్ రాడ్’ పత్రిక పుట్టింది. ఇప్పుడు ఆ విద్యలో ఎక్కువగా వినిపించే పేరు ‘ఎల్ఎస్ స్వాప్’.

దీనికి కార్వెట్ ఇంజనే కావాలని లేదు. అసలు సంగతి 1999 మోడల్ ట్రక్కులతో వచ్చిన, అదే ఎల్ఎస్ కుటుంబపు 5.3 లీటర్ల ఇంజన్‌లో ఉంది. దాని బ్లాకు పోత ఇనుముది, హెడ్లు అల్యూమినియంవి. అల్యూమినియం బ్లాకు కంటే బరువెక్కువే, కానీ గట్టిది, చవక. లక్షల ట్రక్కుల్లో వచ్చింది కాబట్టి ఏ తుక్కు యార్డులో చూసినా దొరుకుతుంది. 1972 సీ-10లోని 350 ఇంజన్ బలం 175 హార్స్‌పవర్ అయితే, ఇది ఏడాదిని బట్టి 270కి పైనే ఇస్తుంది. నా మటుకు ఆ అంకెల కంటే, చలికాలం పొద్దున చోక్ లాగే పని లేకుండా తాళం తిప్పగానే అందుకోవడమే పెద్ద లాభం. దానితో వచ్చే 4ఎల్60ఇ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పై గేరు నిష్పత్తి 0.70. పాత మూడు గేర్ల పెట్టెతో హైవే మీద గోల పెట్టే బండి దీనితో నిదానంగా, తక్కువ పెట్రోలుతో సాగిపోతుంది. ఆదివారం బయటికి తీసి తుడిచి పెట్టుకునే ట్రక్కు మళ్ళీ రోజూ పనికి వెళ్తుంది.

యార్డులో ఇంజన్ ఎంచుకోవడానికి ఓపిక కావాలి. ఆయిల్ మూత తీసి లోపల జిగురు పేరుకుందేమో చూడాలి, వీలైతే కంప్రెషన్ కొలవాలి. 706 అంకె పోత ఉన్న హెడ్లలో కాస్టెక్ ముద్ర వేసినవి కొన్ని పగిలి, కూలెంట్‌ను లోపలికి వదిలేస్తాయి. వాటి విషయంలో జాగ్రత్త. ఇంకొకటి, ఇంజన్‌తో పాటు వైరింగ్, కంప్యూటర్, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకోవాలి, తీగ కొయ్యకుండా తెచ్చుకోవాలి. ఎల్ఎస్ మొదటి తరం ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ మీది చక్రానికి 24 గుర్తులుంటే, తర్వాతి తరంలో 58 ఉంటాయి. ఒక తరం ఇంజన్‌కు ఇంకో తరం కంప్యూటర్ తగిలిస్తే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి స్టార్ట్ కాదు.

చెయిన్ బ్లాకుతో ఇంజన్ దింపడం చూడ్డానికి పెద్ద పనిలా కనిపిస్తుంది గానీ తేలిగ్గానే అయిపోతుంది. పాత మౌంటింగులకు మూడేసి బోల్టులు, కొత్త బ్లాకుకు నాలుగేసి. మధ్యలో ఒక అడాప్టర్ పలక వేస్తే సరిపోతుంది. ట్రక్కు ఇంజన్ ఆయిల్ ఛాంబర్ లోతెక్కువ కాబట్టి చాసిస్ అడ్డబద్దెకు తగులుతుంది. కమారో కారు ఛాంబరో, ఈ పని కోసమే చేసి అమ్ముతున్నదో వేసుకోవాలి. అడ్డబద్దెను కోసేవాళ్ళూ ఉన్నారు. ఆ పని నాకు అస్సలు నచ్చదు. బండి ఎముక కోశాక మళ్ళీ పాత రూపానికి తెచ్చే దారి ఉండదు.

పనితనమంతా పెట్రోలు, కరెంటు దగ్గర తెలుస్తుంది. పాత కార్బురేటర్‌కు ఆరు పీఎస్ఐ ఒత్తిడి చాలు, ఈ ఇంజెక్టర్లకు 58 కావాలి. సీ-10లో పెట్రోలు ట్యాంకు ఎక్కడుందో తెలుసా? క్యాబిన్ లోపల, సీటు వెనకాల! అంత ఒత్తిడిని మనిషి వీపు వెనక నడపడం కంటే, ట్యాంకును వెనక చాసిస్ పట్టీల మధ్యకు మార్చి, లోపల పంపున్న కొత్త ట్యాంకు పెట్టుకోవడం మేలు. ఖర్చవుతుంది, అయినా ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పాత రబ్బరు గొట్టాలు ఆ ఒత్తిడికి ఆగవు, వాటిని తీసి పారేయాల్సిందే. ఒత్తిడిని నిలకడగా ఉంచడానికి చాలామంది 1999-2003 కార్వెట్ ఫిల్టర్‌నే వాడతారు. రెగ్యులేటర్ అందులోనే ఉంటుంది.

డిస్ట్రిబ్యూటర్, పాయింట్లు ఇక ఉండవు. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్, అన్నిటినీ నడిపేది కంప్యూటర్. దొంగల భయానికి పెట్టిన తాళం అందులోనే ఉంది. ప్రోగ్రామ్ మార్చి దాన్ని తీసెయ్యకపోతే, పరాయి బండిలో ఉన్నానని పసిగట్టినట్టుగా పెట్రోలు ఆపేస్తుంది. ఓ పక్క ఏసీ, ఎయిర్‌బ్యాగుల వంటి అక్కర్లేని తీగలు విప్పుకుంటూ, ఇంకో పక్క ఎర్త్ తీగలను తుప్పు గీకిన శుభ్రమైన ఇనుముకు బిగించాలి. కారణం తెలియని జబ్బులు చాలావరకు ఎర్త్ దగ్గరే బయటపడతాయి. హెడ్ల మీద ఆవిరి పోవడానికి సన్నని గొట్టం ఉంటుంది, దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి. మూసేస్తే గాలి బుడగలు చిక్కుకుని హెడ్ వేడెక్కుతుంది.

బలం పెరిగిన బండికి బ్రేకులు ముందు చూడాలి. సీ-10కు ముందు చక్రాల డిస్క్ బ్రేకులు 1971లోనే వచ్చాయి. అంతకు ముందువన్నీ డ్రమ్ములే. 270 హార్స్‌పవర్ పెట్టి డ్రమ్ములు అలాగే ఉంచిన ట్రక్కు ఎక్కమంటే నేను ఎక్కను.

కాగితాల సంగతి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తీరు. పొగ విషయంలో కఠినంగా ఉండే కాలిఫోర్నియా 1975, అంతకు ముందటి పెట్రోలు బళ్ళను తనిఖీ నుంచి మినహాయించింది కాబట్టి సీ-10కు చిక్కు లేదు. 1976, ఆ తర్వాతి బండికైతే, పెట్టే ఇంజన్ ఆ బండి ఏడాదిదో, ఆ తర్వాతి ఏళ్ళదో అయి ఉండాలి. దాని పొగ నియంత్రణ సామానంతా కూడా వెంట రావాలి.

ఫ్యాక్టరీలో బిగించిన ఇంజన్ నంబరుతో సహా చెక్కుచెదరకుండా ఉన్న ట్రక్కు దొరికితే మాత్రం దాన్ని విప్పొద్దని నా గట్టి అభిప్రాయం. అలాంటివి అరుదు. విప్పక తప్పకపోతే పాత ఇంజన్ను తుక్కుకు వెయ్యకుండా సిలిండర్లలో ఆయిల్ పోసి, రంధ్రాలన్నీ మూసి, దాని బోల్టులు, మౌంటింగులు విడిగా మూట కట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి షెడ్డులో పెట్టాలి. అడ్డబద్దె కొయ్యని బండిలోకి ఆ ఇంజన్ ఎప్పుడైనా తిరిగి ఎక్కుతుంది.