తులసి మీద తెల్లటి నూగు

భివండీలో ఆకుల మీద మంచు పేరుకోదు. అందుకు ఆకు సున్నా డిగ్రీల కన్నా చల్లబడాలి. మన లంబసింగిలో ఎప్పుడైనా ఆ ముచ్చట తీరుతుంది గానీ, కొంకణపు ఉక్కలో ఎక్కడిది? ఇక్కడ సాంచల (మరమగ్గాల) షెడ్డు పక్కనున్న తులసి ఆకుల అంచులకు మంచులా పట్టేది నూలు నూగు. అచ్చు పళ్ల మధ్య పడుగు రాసుకుని, రాసుకుని రాల్చినది.

నూగు కన్నా ఆ పడుగును అతికే చేతులే నాకు అపురూపం. అవి తెలంగాణ నుంచి తరాల కిందట వలస వచ్చి, ఇక్కడి పద్మానగర్‌లో స్థిరపడ్డ పద్మశాలీలవి. బీము అయిపోగానే, పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతకాలి. ఒకటి కాదు, వేల పోగులు, వరస తప్పకుండా. సిరిసిల్లలో దీన్ని వైపని అంటారు. ఒక్క పోగు జారిపోతే బట్ట పొడవునా గీత పడుతుంది. చెవులు చిల్లులు పడే మోతలో, చూపుడువేలూ బొటనవేలూ ఎంత సున్నితంగా, ఎంత వేగంగా కదులుతాయో! అది యంత్రం పని అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

తులసిని పట్టే ఆ నూగు ఊపిరిలోకీ పోతుంది. ఏళ్ల తరబడి పీల్చిన పత్తి దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బిసినోసిస్ అనే జబ్బు అలా వచ్చేదే. ఇంత నేర్పున్న మనుషుల షెడ్లలో దుమ్మును బయటికి లాగే ఫ్యాన్లు ముందు పెట్టాలి.