నరాల జబ్బు రానివాళ్ల సాక్ష్యం

జ్వరం తగ్గి పనిలోకి వెళ్లిన మనిషికి వారం తిరక్కుండా అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. మెట్లెక్కబోతే మోకాళ్లు నిలవవు. నాలుగైదు రోజుల్లో మంచం దిగలేని స్థితి. డాక్టర్లు దీన్ని గిలన్ బారే సిండ్రోమ్, పొట్టిగా జీబీఎస్ అంటారు. క్రిమి మీదికి వెళ్లవలసిన యాంటీబాడీలు సొంత నరాల మీదికి మళ్లడం వల్ల వచ్చే జబ్బిది. వానలు వెనకబట్టగానే డెంగీ భయం మొదలయ్యే బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్‌లో, అక్కడి రైల్వేను నమ్ముకుని తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు, దోమ జ్వరానికీ ఈ చచ్చుదనానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న దూరపు సంగతేం కాదు.

ఈ ప్రశ్న మీద జరిగిన పరిశోధనల్లో పనితనం చూసి నేను ముచ్చటపడింది 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫ్రెంచ్ పాలినీషియా అధ్యయనం. వాన్‌మై కావో లోర్మో, ఆమె సహచరులు చేసిన పని. 2013 అక్టోబరు నుంచి 2014 ఏప్రిల్ దాకా ఆ దీవుల్ని జికా అనే దోమ జ్వరం ముంచెత్తింది. ఆ కాలంలోనే 42 మంది జీబీఎస్‌తో ఆసుపత్రిలో చేరారు. వాళ్లలో 41 మంది రక్తంలో జికా యాంటీబాడీలు కనిపించాయి. తొందరపాటు మనిషైతే జికాయే దోషి అని అక్కడే తేల్చేసేవాడు.

వీళ్లు తేల్చలేదు. దీవుల్లో మూడింట రెండొంతుల మందికి జికా సోకిందని అంచనా. అలాంటిచోట కాలు విరిగి చేరినవాళ్ల రక్తంలోనూ జికా జాడ దొరుకుతుంది. అందుకే జ్వరం లేకుండా వేరే కారణాలతో ఆసుపత్రికి వచ్చిన 98 మందిని, అదే వయసు, అదే లింగం, అదే దీవి చూసి మరీ ఎంచుకున్నారు. జికా వచ్చినా నరాలకు ఏమీ కాని మరో 70 మందిని రెండో జట్టుగా తీసుకున్నారు. నా దృష్టిలో పనితనమంతా ఈ ఎంపికలోనే ఉంది.

పరీక్ష విషయంలోనూ అంతే జాగ్రత్త. డెంగీ, జికా దగ్గరి చుట్టాలు. మామూలు యాంటీబాడీ పరీక్ష ఒకదాన్ని చూసి మరొకటి అనుకోగలదు. అందుకని రక్తపు సీరాన్ని అంచెలంచెలుగా పలచన చేసి, బతికున్న జికా వైరస్‌తో కలిపి, కణాల మీద పోశారు. సీరంలో జికాను అడ్డుకునే యాంటీబాడీలుంటే వైరస్ కణాల్లో పెరగలేదు. ఎంత పలచన దాకా ఆ బలం నిలిచిందో కొలిచారు. ఈ గట్టి పరీక్షలో జీబీఎస్ రోగులు నూటికి నూరు మందీ తేలారు. జ్వరం లేని జట్టులో తేలింది 56 శాతమే.

పాత డెంగీ దీనికి తోడైందా? డెంగీ చరిత్ర మూడు జట్లలో 95, 89, 83 శాతం. చెప్పుకోదగ్గ తేడా లేదని రాసేశారు. అంతకన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. క్యాంపైలోబ్యాక్టర్ అనే విరేచనాల క్రిమి పైపొర నరాల కొవ్వును పోలి ఉంటుందని, అందుకే యాంటీబాడీలు పొరబడతాయని యూకీ బృందం 2004లో కుందేళ్లలో నిరూపించింది. పాలినీషియా జీబీఎస్ రోగుల్లో అలాంటి యాంటీబాడీలు అరుదుగానే దొరికాయి. అందమైన కథ కుదరలేదని ఆ ఫలితాన్ని దాచలేదు. ఎలా జరుగుతోందో ఇంకా తెలియదని ఒప్పుకున్నారు.

మన తెలుగు జిల్లాలు 2005 చివర నుంచి చికున్‌గున్యాతో కీళ్లు పట్టేసి విలవిల్లాడాయి. అదే కాలంలో రీయూనియన్ దీవిలో ఆ జ్వరం తర్వాత జీబీఎస్ వచ్చిన రోగుల గురించి వైద్యులు రాశారు. ఒకరిద్దరి కథలు అనుమానం రేపుతాయి, నిరూపణకు ఇలాంటి జట్లే కావాలి. 2025 జనవరిలో పుణేలో జీబీఎస్ ప్రబలినప్పుడు వేళ్లు చూపింది దోమను కాదు, నీళ్లలోంచి వచ్చే క్యాంపైలోబ్యాక్టర్‌ను. కుళాయి నీళ్లూ దోమలంత అనుమానించదగ్గవే.

లెక్క చూస్తే భయపడాల్సింది కొంచెమే. పాలినీషియాలో జికా సోకిన ప్రతి నాలుగు వేల మందిలో సుమారు ఒకరికే జీబీఎస్ వచ్చింది. ఆ 42 మందిలో ఎవరూ చనిపోలేదు, కానీ 12 మందికి ఊపిరికి యంత్రం సాయం కావాల్సొచ్చింది. అందుకే జ్వరమో విరేచనాలో తగ్గాక కాళ్లు తిమ్మిరెక్కి బలహీనత పైకి పాకుతుంటే నాలుగు రోజులు చూద్దామనుకోకండి. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి ఆరోజే తీసుకెళ్లండి. ముందొచ్చిన జ్వరం సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.